ఐదడుగుల తొమ్మిదంగుళాల హేతువు

అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆటగాళ్ల సగటు ఎత్తు ఎన్నో ఏళ్లుగా ఆరడుగుల ఆరంగుళాల దరిదాపుల్లోనే ఉంటోంది. అక్కడ ఆరడుగులవాడు పొట్టివాడి కిందే లెక్క. ఐదడుగుల తొమ్మిదంగుళాలవాడి సంగతి చెప్పనక్కర్లేదు. అలాంటివాడికి జట్టులో దొరికే చోటు దాదాపు ఒక్కటే. అది బంతిని ముందుకు నడిపించి, ఎవరికి ఎప్పుడు అందించాలో తేల్చే పాయింట్ గార్డ్ స్థానం. కాలేజీ ఆట ముగించి డ్రాఫ్ట్‌కు (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఏర్పాటుకు) వచ్చే పొట్టి గార్డు గురించి జట్ల యాజమాన్యాలు సాధారణంగా రెండు మాటల్లో ఒకటి అంటాయి. ‘ఈ ఎత్తువాళ్లు ఈ లీగ్‌లో నిలవరు’ అన్నది మొదటిది. ‘ఇతను మరో ఐజయా థామస్’ అన్నది రెండోది. థామస్ ఐదడుగుల తొమ్మిదంగుళాల ఎత్తుతోనే ఎన్‌బీఏలో మెరిసిన గార్డు. ఒకటి తిరస్కారం, మరొకటి ఆశ. పునాది మాత్రం రెండింటికీ ఒకటే: ఒక మనిషిని అతనిలాంటివాళ్లను బట్టి తెలుసుకోవచ్చన్న నమ్మకం. అలా తెలుసుకున్నది జ్ఞానమవుతుందా, దాని ఆధారంగా తలుపు తెరవడం, మూయడం న్యాయమవుతుందా అన్నవి తత్త్వశాస్త్రానికి పాత ప్రశ్నలే. బాస్కెట్‌బాల్‌లో అవి అంగుళాల్లోకి దిగి వస్తాయి.

2016 డ్రాఫ్ట్‌ను చూస్తే విషయం తేటపడుతుంది. ఆ ఏడాది ముగ్గురు పొట్టి గార్డుల మీద చర్చ నడిచింది. కెంటకీ విశ్వవిద్యాలయానికి ఆడిన టైలర్ యూలిస్ ఐదడుగుల పదంగుళాలకు మించడు. తన కాలేజీ లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడు, మేటి డిఫెండరు అతనే. ఓక్లండ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కే ఫెల్డర్ ఐదడుగుల తొమ్మిదంగుళాలు. విచిటా స్టేట్‌కు ఆడిన ఫ్రెడ్ వాన్‌వ్లీట్ ఆరడుగులు. ఫీనిక్స్ జట్టు యూలిస్‌ను 34వ స్థానంలో తీసుకుంది. ఫెల్డర్ 54వ స్థానంలో ఎంపికై క్లీవ్‌లాండ్ చేరాడు. వాన్‌వ్లీట్‌ను ఎవరూ తీసుకోలేదు. యూలిస్‌ను రెండేళ్లకే ఫీనిక్స్ వదులుకుంది. ఆ తర్వాత చికాగో తరఫున ఒక్క మ్యాచ్‌లో కనిపించి అతను లీగ్‌కు దూరమయ్యాడు. ఫెల్డర్ కథా దాదాపు అంతే. ఎవరికీ అక్కర్లేని వాన్‌వ్లీట్ మాత్రం టొరాంటోలో చేరి, 2019లో ఆ జట్టు విజేతగా నిలవడంలో ముఖ్యుడై, 2022లో ఆల్-స్టార్ అయ్యాడు. ముగ్గురినీ ‘పొట్టి గార్డులు’ అని ఒకే గాటన కట్టినవాళ్లకు ఈ తేడా ముందుగా కనబడే దారి లేదు.

భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం పరిభాషలో చెబితే, ‘ఇతను నిలవడు, పొట్టివాడు గనుక’ అన్నది ఒక అనుమానం, అంటే ఒకదాన్ని బట్టి మరొకదాన్ని తేల్చడం. ఇక్కడ పొట్టితనం హేతువు, నిలవకపోవడం సాధ్యం. ఈ అనుమానం చెల్లాలంటే రెండింటికీ వ్యాప్తి ఉండాలి. అంటే హేతువున్న ప్రతిచోటా సాధ్యం తప్పకుండా ఉండాలి. ఒక్కచోట తప్పినా హేతువు సవ్యభిచారమై హేత్వాభాసగా, అంటే చెల్లని హేతువుగా మిగులుతుంది. పొట్టి గార్డుల విషయంలో తప్పిన చోట్లు ఒకటి కాదు. ఐదడుగుల మూడంగుళాల మగ్సీ బోగ్స్‌ను 1987లో వాషింగ్టన్ జట్టు 12వ స్థానంలో తీసుకుంది. లీగ్ చరిత్రలో అతనికన్నా పొట్టివాడు లేడు. పద్నాలుగు సీజన్లు ఆడాడు. ఏడడుగుల పాట్రిక్ యూయింగ్ వేసిన షాట్‌ను 1993లో ఒకసారి అడ్డుకున్నాడు కూడా. ఐదడుగుల తొమ్మిదంగుళాల కాల్విన్ మర్ఫీ 1993లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. ఐదడుగుల ఐదంగుళాల ఎర్ల్ బాయ్‌కిన్స్‌ను 1998 డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు. అయినా 2012 వరకు లీగ్‌లో ఏదో ఒక జట్టు అతన్ని పిలుస్తూనే ఉంది.

కాబట్టి పొట్టితనానికీ వైఫల్యానికీ వ్యాప్తి లేదు, చర్చ ముగిసిందనిపించవచ్చు. ముగియలేదు. జట్టు మేనేజరు తర్కపండితుడు కాడు. ‘అందరూ నిలవరనలేదు, ఎక్కువమంది నిలవరన్నాను’ అంటాడు. అదీ నిజమే. బోగ్స్ పేరు చెప్పి అతని నోరు మూయించలేరు. ఒక్క విరుద్ధ ఉదాహరణతో వ్యాప్తి పోతుంది కానీ, సంభావ్యత పోదు. అందువల్ల అడగాల్సింది పొట్టితనం ఎందుకు అడ్డమవుతుందని, దేనితో కలిసినప్పుడు అడ్డమవుతుందని.

దీనికి నైయాయికుల దగ్గర ఒక పనిముట్టుంది. దాని పేరు ఉపాధి. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం చదువుకున్నవాళ్లకు ఇది తెలిసిన సంగతే. పొగ ఉన్నచోట నిప్పు తప్పక ఉంటుంది. నిప్పున్న ప్రతిచోటా మాత్రం పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంటుంది, పొగ రాదు. పొగ రావాలంటే నిప్పుకు తడికట్టె తోడవాలి. ఆ తడికట్టె సంబంధమే ఉపాధి. నిప్పును చూసి పొగను ఊహించినవాడు ఉపాధిని గుర్తించక పొరబడతాడు. పొట్టి గార్డు విషయంలోనూ పొట్టితనం నిప్పులాంటిదైతే తడికట్టె ఏది?

కోర్టులో జరిగేది దగ్గరగా చూస్తే ఆచూకీ దొరుకుతుంది. గార్డు బంతిని తట్టుకుంటూ వస్తాడు. సొంత జట్టు పొడగరి ఒకడు వచ్చి, గార్డును కాపలా కాస్తున్నవాడి దారికి అడ్డంగా నిలబడతాడు. దీన్నే స్క్రీన్ అంటారు. గార్డు అతని భుజాన్ని రాసుకుంటూ మలుపు తిరిగి లోపలికి దూసుకుపోతాడు. అక్కడ పదడుగుల ఎత్తున రింగు, దాని ముందు చేతులు చాపి నిలబడ్డ ఏడడుగుల మనిషి. పొట్టివాడు అంతదాకా పోతే షాట్ చేతిలోనే చచ్చిపోతుంది. అందుకని రింగుకు పదడుగుల ఇవతలే, ఎదుటివాడు ఎగరడానికి కాలు కూడదీసుకునేలోపే, ఒంటిచేత్తో బంతిని పైకి తేలేస్తాడు. అది ఆ చేతుల మీదుగా పోయి నిట్టనిలువుగా రింగులో దిగాలి. దీనికి ఫ్లోటర్ అని పేరు. ఈ విద్య వంటబడితే దాడిలో ఎత్తు లోటు చాలావరకు పూడుతుంది. పైగా బంతిని నేలకు దగ్గరగా తట్టగలగడం, ఎదుటివాడి మోకాలి ఎత్తులో చెయ్యి దూర్చి బంతి లాగేయడం పొట్టివాడికి కలిసొచ్చే సంగతులు. బోగ్స్ ఎదురైతే గార్డులు బంతి తట్టడానికే జంకేవారు.

అసలు చిక్కు డిఫెన్స్‌లో వస్తుంది. ఎదుటి జట్టు పొట్టివాడు ఎవరిని కాస్తున్నాడో కనిపెట్టి, సరిగ్గా ఆ మనిషిచేతనే స్క్రీన్ పెట్టిస్తుంది. కాపలాలు తారుమారై పొట్టివాడి ముందు ఆరడుగుల ఎనిమిదంగుళాల ఫార్వర్డ్ నిలబడతాడు. అతను హడావిడి పడడు. వీపుతో నెట్టుకుంటూ రెండడుగులు వెనక్కి జరిగి తిరిగి షాట్ వేస్తాడు. కింద పొట్టివాడు చెయ్యెత్తినా అది బంతికి చాలా కిందే ఆగిపోతుంది. ప్లే-ఆఫ్స్‌లో ఇదే ఎత్తుగడ పదిసార్లు వేస్తారు.

ఈ నెట్టుడుకు ఆగడానికి ఒళ్లు కావాలి. యూలిస్ బరువు దాదాపు 68 కిలోలు. వాన్‌వ్లీట్ 90 కిలోలకు దగ్గర. నడుము, తొడలు బలంగా ఉన్న పొట్టివాడిని జరపడం పొడగరికీ కష్టమే. ఐజయా థామస్ కూడా ఐదడుగుల తొమ్మిదంగుళాలైనా 84 కిలోలుండేవాడు. చాచిన చేతుల కొలత ఆరడుగులు దాటేది. (1980లలో డెట్రాయిట్‌కు ఆడిన ఐజయా థామస్ వేరు. పేర్లు కలవడం తప్ప ఇద్దరికీ చుట్టరికం లేదు.) అంటే తడికట్టె తేలిక ఒళ్లేనా? అలా తేల్చేయబోతే 62 కిలోల బోగ్స్ మళ్లీ అడ్డొస్తాడు. అతని రోజుల్లో జోన్ డిఫెన్స్ (మనిషిని కాక చోటును కాసే పద్ధతి) నిషిద్ధం. కాపలాలు మార్చుకుంటూ పొట్టివాడిని వెతికి వేటాడే అలవాటు ఇంతగా ముదరలేదు. 2001-02 సీజన్ నుంచి జోన్‌కు అనుమతి వచ్చింది. 2004-05 నుంచి గార్డును చేత్తో ఆపి పట్టడం మీద కట్టడి బిగిసింది. మొదటి మార్పు పొట్టివాడికి కొంత చేటు చేస్తే, రెండోది మేలు చేసింది. కనుక ఉపాధి ఒక్కటే కాదు. ఒళ్లు, చేతి పొడవు, కాలం, నియమాలు అన్నీ అందులో పాలుపంచుకుంటాయి. ఎత్తును ఒంటరిగా హేతువుగా నిలబెట్టడం అందుకే చెల్లదు.

పాశ్చాత్య తత్త్వవేత్తలు ఇదే చిక్కును మరో వైపు నుంచి పట్టుకున్నారు. ఒక మనిషి సంభావ్యత లెక్కగట్టాలంటే అతన్ని ఏదో ఒక తరగతిలో చేర్చాలి. ప్రతి మనిషీ లెక్కలేనన్ని తరగతుల్లో చేరతాడు. ఏ తరగతిని పట్టుకుంటే ఆ జవాబొస్తుంది. జాన్ వెన్ 1866లో వెలువరించిన ‘లాజిక్ ఆఫ్ ఛాన్స్’లో దీన్ని ఎత్తిచూపాడు. హాన్స్ రైకెన్‌బాక్ 20వ శతాబ్దంలో దీన్ని ఒక సమస్యగా రూపుగట్టాడు. దొరికే సంఖ్యలు నమ్మదగినవిగా ఉన్నంతలో అతి ఇరుకైన తరగతిని ఎంచుకోమన్నది రైకెన్‌బాక్ సలహా. వినడానికి బాగానే ఉంది. పాటించబోతే, తరగతి ఇరుకైనకొద్దీ అందులో మిగిలే మనుషులు ముగ్గురో నలుగురో. అన్ని లక్షణాలూ చేర్చుకుంటూ పోతే మిగిలేది ఆ మనిషి ఒక్కడే. అతని భవిష్యత్తు ఇంకా జరగలేదు.

2011 డ్రాఫ్ట్ దీనికి గట్టి ఉదాహరణ. శాక్రమెంటో జట్టుకు ఆ రాత్రి ఇద్దరు గార్డులు దక్కారు. ఆరడుగుల రెండంగుళాల జిమర్ ఫ్రెడెట్ పదో ఎంపిక. ఆ ఏడాది కాలేజీల్లో మ్యాచ్‌కు 28.9 పాయింట్లతో దేశంలోకెల్లా ముందున్నవాడు, పత్రికల ముద్దుబిడ్డ. రెండోవాడు ఐజయా థామస్. అరవయ్యో ఎంపిక, అంటే ఆ రాత్రికి చిట్టచివరి పేరు. ‘కాలేజీలో బ్రహ్మాండంగా స్కోరు చేసినవాళ్లు’ అన్న తరగతిని పట్టుకుంటే ఫ్రెడెట్ ముందుంటాడు. ‘ఐదడుగుల తొమ్మిదంగుళాలవాళ్లు’ అన్న తరగతిలో వేస్తే థామస్ వెనకబడతాడు. ఫ్రెడెట్ ఎన్‌బీఏలో కుదురుకోలేక చైనాలో షాంఘై జట్టుకు ఆడి అక్కడ పేరు తెచ్చుకున్నాడు. థామస్ 2016-17లో బోస్టన్ తరఫున మ్యాచ్‌కు సరిగ్గా అదే 28.9 పాయింట్లు సాధించాడు. కాలేజీలో కాదు, ఎన్‌బీఏలో.

ఆశాజనకమైన పోలికకూ ఇంతకన్నా గట్టి పునాది లేదు. న్యాయదర్శనం ఉపమానాన్ని ప్రమాణంగానే ఒప్పుకుంటుంది కానీ, దానికి అప్పగించిన పని చాలా చిన్నది. ఆవులాంటిది గవయమని విన్నవాడు అడవిలో అలాంటి జంతువును చూసి, దీని పేరే గవయమని గుర్తుపడతాడు. అంతవరకే. గవయం కుండనిండా పాలిస్తుందని ఉపమానం చెప్పదు. కొత్త గార్డును చూసి ‘మరో థామస్’ అన్నప్పుడు జరిగేది సరిగ్గా ఈ అతిక్రమణ. గుర్తుపట్టడానికి పనికొచ్చే పోలికను ఫలితం చెప్పడానికి వాడుకుంటారు. పైపై పోలికతోనో పైపై తేడాతోనో ఎదుటివాడి వాదాన్ని కొట్టేయడాన్ని న్యాయసూత్రాలు జాతుల్లో, అంటే చెల్లని ఎదురువాదాల్లో చేర్చి, సాధర్మ్యసమ, వైధర్మ్యసమ అని పేర్లు పెట్టాయి. డ్రాఫ్ట్‌కు ముందు టీవీ చర్చల్లో వినబడేది చాలావరకు ఈ రెండే.

ఈ పోలికలో మరో లోపం దాగి ఉంది. పోల్చడానికి గుర్తొచ్చే పేర్లన్నీ నెగ్గినవాళ్లవే. బోగ్స్, మర్ఫీ, థామస్ నోటికొస్తారు. కాలేజీ దాటి రాలేని ఐదడుగుల తొమ్మిదంగుళాల గార్డుల పేర్లు ఎవరూ తలవరు. దీనికి తిరగబడ్డ రూపం ఇంకా మోసకారి. లీగ్‌లో ఉన్నవాళ్ల లెక్కలు మాత్రమే తీస్తే పొట్టివాళ్లు పొడగరుల కన్నా పెద్దగా తీసిపోరు. దాన్ని చూసి ఎత్తు లెక్కలోకే రాదనడం తప్పు. ఏడడుగులవాడు ఒక మోస్తరు ఆటతోనే లీగ్‌లోకి రాగలడు. ఐదడుగుల తొమ్మిదంగుళాలవాడు రావాలంటే ఆట అసాధారణంగా ఉండాలి. జల్లెడ అలా ఉంది కనుకే, దాన్ని దాటిన తర్వాత ఇద్దరూ సమానంగా కనిపిస్తారు.

ఇంతవరకు జ్ఞానం సంగతి. అర్హత సంగతికొస్తే, వేదకర్మలను విచారించే మీమాంసకుల చర్చ పనికొస్తుంది. జైమిని సూత్రాల ఆరో అధ్యాయం అధికారాన్ని గురించి, అంటే ఏ కర్మకు ఎవరు అర్హులన్నదాన్ని గురించి. అంగవైకల్యం ఉన్నవాడు యజ్ఞం చేయవచ్చా అన్న ప్రశ్న అక్కడ వస్తుంది. సంప్రదాయంలో దానికి చెప్పే ఉదాహరణల్లో వైకల్యం ఎప్పుడూ ఒక ఫలానా పనితో ముడిపడి ఉంటుంది. యజ్ఞంలో నేతిని కళ్లతో చూడవలసిన ఘట్టముంది, చూపు లేనివాడు అది చేయలేడు. విష్ణుక్రమాలనే అడుగులు వేయవలసిన ఘట్టముంది, కుంటివాడు వేయలేడు. ఆ తీర్పు కటువుగానే ఉంటుంది. అయినా ఒక విషయంలో వాళ్లు చాలామంది మేనేజర్ల కన్నా నయం. శరీరాన్ని చూసి ఊరుకోకుండా, ఏ పనికి అది చాలదో చెప్పి చూపాలన్న నియమాన్ని వాళ్లు పాటించారు.

యజ్ఞానికీ ఆటకూ ఒక పెద్ద తేడా ఉంది. యజ్ఞంలోని క్రియలు వేదం విధించినవి, వాటిని మార్చే హక్కు యజ్ఞం చేసేవాడికి లేదు. ఆటలో ఎవరు ఏ పని చేయాలన్నది కోచ్ చేతిలో ఉంటుంది. బోస్టన్‌లో కోచ్ బ్రాడ్ స్టీవెన్స్ థామస్‌ను ఎదుటి జట్టులో ప్రమాదం తక్కువున్న ఆటగాడి మీద కాపలా పెట్టి, గట్టి స్కోరర్లను కాసే పనిని ఏవరీ బ్రాడ్లీ, మార్కస్ స్మార్ట్‌ల మీద వేసేవాడు. దాడిలో పొడగరి అల్ హార్ఫర్డ్ చేతి నుంచి బంతి అందుకుని పరిగెత్తే ఏర్పాట్లు చేశాడు. షార్లట్‌లో బోగ్స్ వెనక లారీ జాన్సన్, అలాంజో మోర్నింగ్ వంటి బలశాలులుండేవారు. పొట్టివాడు చాలడా అన్న ప్రశ్నకు ‘ఏ ఏర్పాటులో?’ అన్న ఎదురుప్రశ్న వేయకుండా జవాబు చెప్పడం కుదరదు. మేనేజరు ‘ఇతను పనికిరాడు’ అన్నప్పుడు చాలాసార్లు అందులో ‘మా ఏర్పాటును మార్చే ఉద్దేశం లేదు’ అన్న మాట కలిసి ఉంటుంది. ఏర్పాటు మార్చడానికీ ఖర్చుంది. ఒక్కడి కోసం మిగతా నలుగురి పని పెరుగుతుంది. ఆ ఖర్చు పెట్టలేమనడం తప్పేమీ కాదు. ఖర్చు లెక్కను ఆటగాడి లోపంగా చూపించడమే తప్పు.

ఇక న్యాయం. వేణువులు పంచాల్సి వస్తే బాగా ఊదేవాడికి మంచి వేణువు ఇవ్వాలి కానీ, గొప్ప వంశంవాడికో అందగాడికో కాదని అరిస్టాటిల్ ‘పాలిటిక్స్’ మూడో భాగంలో అంటాడు. పదవుల పంపకంలో ఎలాంటి ఆధిక్యం లెక్కకు రావాలన్న ఆ చర్చలోనే అతను ఎత్తును కూడా ఉదహరిస్తాడు. పనికి సంబంధం లేని ఆధిక్యాన్ని లెక్కలోకి తీసుకోకూడదన్నది సారాంశం. బాస్కెట్‌బాల్‌లో ఎత్తు పనికి సంబంధం లేనిది కాదు. కాబట్టి ఎత్తును అడగడమే అన్యాయమన్న వాదం నిలవదు. వేణువు ఊదేవాడి ఎత్తు అడగడం వేరు, రింగు పదడుగుల మీదున్న ఆటలో అడగడం వేరు.

అయితే ఆ ఎత్తు ఎవరి సంపాదన? పతంజలి యోగసూత్రాల రెండో పాదం జన్మను, ఆయుష్షును, భోగాన్ని కర్మఫలాలుగా చెబుతుంది. శరీరం పూర్వకర్మను బట్టి వచ్చిందనుకుంటే, పొట్టితనం ఎందుకొచ్చిందన్నదానికి ఒక జవాబు దొరుకుతుంది. ఎదుటివాడు దానితో ఎలా వ్యవహరించాలన్నదానికి మాత్రం దొరకదు. కర్మసిద్ధాంతాన్ని తలుపు మూయడానికి సాకుగా వాడుకునేవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తారు. జాన్ రాల్స్ 1971లో ‘ఎ థియరీ ఆఫ్ జస్టిస్’లో పుట్టుకతో వచ్చే ప్రతిభాపాటవాల పంపకం న్యాయమూ కాదు, అన్యాయమూ కాదన్నాడు. సంస్థలు వాటితో ఎలా వ్యవహరిస్తాయన్నదే అతని దృష్టిలో న్యాయాన్యాయాల చోటు. దానికి ఎదురు నిలిచిన రాబర్ట్ నోజిక్ 1974లో తన వాదానికి ఉదాహరణగా తీసుకున్నది ఒక బాస్కెట్‌బాల్ ఆటగాణ్నే. అతను ఏడడుగుల ఒక అంగుళం విల్ట్ చాంబర్లిన్. పదిలక్షల మంది తలా పాతిక సెంట్లు ఇష్టపడి ఇచ్చి అతని ఆట చూస్తే, అతను ధనవంతుడు కావడంలో అన్యాయమేముందని నోజిక్ ప్రశ్న. ఆ వాదంలో బలముంది. అది మొదలయ్యేది మాత్రం చాంబర్లిన్ కోర్టులోకి వచ్చాక. కోర్టులోకి ఎవరు రావాలో తేల్చే గుమ్మం దగ్గర ప్రేక్షకుడు లేడు, పాతిక సెంట్లూ లేవు. పొట్టి గార్డు ప్రశ్నంతా ఆ గుమ్మం దగ్గరిదే.

గుమ్మం దగ్గర జట్టు చేయవలసిందేమిటన్నదానికి జవాబు పై చర్చలోనే ఉంది. అనుమానం అనుమానంగానే ఉండి, ప్రత్యక్షం ఎదురైతే దారి ఇవ్వాలి. అంటే ఎత్తును బట్టి సందేహించవచ్చు కానీ, ఆట చూసే అవకాశాన్ని ఎత్తు పేరుతో ఎత్తేయకూడదు. డ్రాఫ్ట్ ఏర్పాటు ఈ విషయంలో క్రమంగా ఇరుకైంది. ఐదడుగుల ఏడంగుళాల లోపు స్పడ్ వెబ్‌ను 1985లో డెట్రాయిట్ జట్టు నాలుగో రౌండ్‌లో, 87వ స్థానంలో తీసుకుంది. ఆ జట్టు వదిలేశాక అట్లాంటా చేరి, 1986లో డంకింగ్ పోటీ గెలిచాడు. 1989 నుంచి డ్రాఫ్ట్‌కు రెండే రౌండ్లు. ఇప్పుడు 87వ స్థానమన్నదే లేదు. ఆ ఇరుకును కొంత సడలించింది 2017-18లో వచ్చిన టూ-వే ఒప్పందం. దాని కింద ఆటగాడు కింది స్థాయి జీ లీగ్‌లో ఆడుతూ, అవసరమైనప్పుడు ఎన్‌బీఏ జట్టుతో చేరతాడు. ఐదడుగుల ఎనిమిదంగుళాల జపాన్ గార్డు యూకీ కవామురా 2024-25లో మెంఫిస్ జట్టుకు ఆడింది ఈ ఒప్పందం మీదే.